మెట్ట మీద రాళ్లు, పల్లంలో మనుషులు: పాలమూరులో ప్లాట్లు కొన్నవాళ్లకు బహిరంగ లేఖ

పాలమూరు (మహబూబ్‌నగర్) పట్నంలో, చుట్టుపక్కల ఊళ్లలో ప్లాట్లు కొన్న అన్నలకు, అక్కలకు నమస్కారం.

మీలో కొందరు నన్ను చూసే ఉంటారు. ఏజెంటు మిమ్మల్ని కారులో తీసుకొచ్చి ప్లాటు చూపించినప్పుడు, ఎండలో టేపు పట్టుకుని రాళ్ల మధ్య నిలబడ్డ మనిషిని నేను. మొదట పదేళ్లు ఒక ప్రైవేటు సర్వేయర్ దగ్గర టేపు పట్టాను. పని నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని ఇప్పుడు నేనే కొలుస్తున్నాను. మొత్తం 22 ఏళ్లు. జడ్చర్ల రోడ్డు, భూత్పూర్ రోడ్డు, దేవరకద్ర వైపు, ఎకరాలు గజాలుగా మారడం దగ్గరుండి చూశాను. నాకు సొంత ఇల్లు లేదు. పల్లపు కాలనీలో కిరాయికి ఉంటాను. ఈ రెండు సంగతులూ కలిసి నాతో ఈ లేఖ రాయిస్తున్నాయి.

కొన్నేళ్ల కిందట సెప్టెంబరులో ఒక రాత్రి మా కాలనీలోకి నీళ్లొచ్చాయి. కాలనీ పేరు రాయను. అక్కడ అవసరం పడి ఇల్లు అమ్ముకోవాలని చూస్తున్నవాళ్లు ఉన్నారు, వాళ్ల ధర పడిపోతుంది. ఒంటిగంట దాటి ఉంటుంది. ముందు బాత్‌రూమ్ జాలీలోంచి నీళ్లు ఉబికాయి, తర్వాత గడప దాటాయి. అరగంటలో మంచం పట్టె తడిసింది. పిల్లలనూ మా అమ్మనూ పైన ఉండే ఓనర్ ఇంట్లోకి ఎక్కించాం. ఇక కింద మిగిలినవి బియ్యం బస్తా, నా భార్య కుట్టుమిషను, పిల్లల సర్టిఫికెట్ల ఫైలు. ఏది ముందు ఎత్తాలి? ఆ టెన్షన్‌లో ఫైలు పట్టుకుని మెట్లెక్కాను. మళ్లీ దిగేసరికి మిషను మోటారు నీళ్లలో ఉంది. ముందుంది దసరా గిరాకీ. ఆ ఏడాది ఆమె ఒక్క జాకెట్టు కూడా కుట్టలేదు.

తెల్లారి, నీళ్లు ఎటునుంచి వచ్చాయో చూద్దామని ఎగువకు నడిచాను. ముప్పావు కిలోమీటరు పోయాక ఒక వెంచర్ (పొలాన్ని ప్లాట్లు చేసి అమ్మే జాగ) దగ్గర ఆగిపోయాను. అక్కడ హద్దు రాళ్లు పాతినప్పుడు టేపు పట్టింది నేనే. గ్రామ నక్షాలో, అంటే ఊరి భూముల పటంలో, ఆ భూమి మధ్యగా ఒక ఒర్రె (వాన నీళ్లు పారే చిన్న వాగు) ఉంది, రెండు గీతలతో గీసి ఉంది. కొలిచిన రోజు నేను మా సారుతో అన్నాను, "ఒర్రె మీదికి రోడ్డు వస్తోంది సార్" అని. "పైపు వేస్తారులే" అన్నాడు. పైపు వేశారు. రెండడుగుల సిమెంటు పైపు.

అక్కడే నిలబడి లెక్క కట్టాను. ఒర్రె ఇరవై అడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు. అంటే నీళ్లకు 80 చదరపు అడుగుల దారి. రెండడుగుల పైపు నోరు మూడు చదరపు అడుగుల కంటే కాస్త ఎక్కువ, అంతే. చినుకులు పడితే ఆ పైపు చాలు. కరువు జిల్లా కాబట్టి నాలుగైదేళ్లు చాలినట్టే కనిపిస్తుంది కూడా. ఒక్క రాత్రి పెద్ద వాన పడితే పైపులో పట్టని నీళ్లన్నీ రోడ్డెక్కి కిందికి దిగుతాయి. ఆ కింద మేమున్నాం.

ఆ వెంచర్ వేసినాయన పేరు గానీ, మా సారు పేరు గానీ ఇక్కడ రాయను. ఒక్కరి తప్పయితే వాళ్లకే ఉత్తరం రాసేవాణ్ణి. ఇలాంటి పైపులు నేను చాలాచోట్ల చూశాను. ఆఫీసుల్లో అర్జీలు కూడా పెట్టాను, పెడుతూనే ఉంటాను. మీకు ఎందుకు రాస్తున్నానంటే, కొనేవాళ్లు అడిగిన మాటకు ఉండే బలం నేను కళ్లారా చూశాను. ఒక టీచరమ్మ అడ్వాన్సు ఇచ్చే ముందు బ్రోచర్‌లో ఉన్న 30 అడుగుల రోడ్డును తనే టేపుతో కొలిచింది. 24 అడుగులే వచ్చింది. ఆమె వెనక నిలబడ్డ ఇంకో నలుగురు కూడా అడ్వాన్సు ఆపేశారు. మర్నాడు పొద్దున్నే నాకు ఫోన్ వచ్చింది, రాళ్లు పీకి మళ్లీ పాతమని. నా పనిలో అంత తొందరగా దిద్దిన తప్పు ఇంకోటి లేదు.

మీరు ఎందుకు కొంటారో నాకు తెలుసు. మనది వలసల జిల్లా. పాలమూరు లేబర్ కట్టని ప్రాజెక్టు లేదంటారు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఊరు విడిచిన వాళ్ల కష్టం, ఇవాళ వాళ్ల పిల్లల చేతిలో నాలుగు పైసలుగా మిగిలింది. ఆ పైసలు ఎక్కడ పెట్టాలి? చిట్టీ మునుగుతుందని భయం. బ్యాంకు వడ్డీ ధరలకు సరిపోదు. జాగ అయితే కళ్ల ముందు ఉంటుంది, బిడ్డ పెళ్లికి పనికొస్తుంది. 2016లో జిల్లా విడిపోయి కొత్త జిల్లా కేంద్రాలు వచ్చాయి. 2023లో సికింద్రాబాద్ నుంచి మన ఊరిదాకా రెండో రైలు లైను పూర్తయింది. అదే ఏడాది దివిటిపల్లి దగ్గర ఐటీ టవర్ తెరుచుకుంది, బ్యాటరీల ఫ్యాక్టరీకి పునాది పడింది. ఒక్కో వార్త వచ్చినప్పుడల్లా గజం ధర ఒక మెట్టు ఎక్కింది. భూమి కొన్నవాడికి అది సంతోషమే, నేను కాదనను. ఆ ధరే కిరాయిదారుడి బతుకులో ఏం చేస్తుందో మాత్రం ఒకసారి చూడండి.

గజం ధర పెరిగితే ఎత్తు మీది ఇంటి కిరాయి ముందు పెరుగుతుంది. మేము మూడిళ్లు మారాం. మారిన ప్రతిసారీ ఒక మెట్టు కిందికే దిగాం. నీళ్లొచ్చే వీధిలో కిరాయి తక్కువ. ఆ తగ్గింపు కోసం వచ్చేవాళ్లు ఎవరంటే ఆటో నడిపేవాళ్లు, హాస్పిటల్ ఆయాలు, మునిసిపల్ సఫాయి అక్కలు, హోటల్లో వంట మాస్టర్లు. వాన రాత్రి ఊరిని నిలబెట్టాల్సింది కూడా వీళ్లే. మోరీలో (మురికి కాల్వలో) అడ్డం పడ్డది తీసే మనిషి ఆ రాత్రి తన ఇంట్లో నీళ్లు ఎత్తిపోసుకుంటూ ఉంటే, పక్క కాలనీలో మోరీ ఎవరు తీస్తారు? ఒక ఊరు దెబ్బ తిన్నాక ఎంత తొందరగా లేస్తుందన్నది ఇలాంటి వాళ్లు ఎక్కడ పడుకుంటున్నారన్న దాని మీద కూడా ఆధారపడుతుంది.

ఇంకోవైపు, ఎత్తు మీద ఏముంది? మీ ప్లాట్లు, మేము పాతిన రాళ్లు. ఎర్ర మొరం నేల, నీళ్లు నిలవని జాగ, ఇల్లు కట్టుకోవడానికి అన్నివిధాలా మంచిది. పదేళ్ల కిందట నేను కొలిచిన వెంచర్లలో ఇప్పటికీ వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఇళ్లే ఉన్నాయి. మిగతా అంతా వయ్యారిభామ పొదలు. ప్లాట్లు చేతులు మారుతున్నాయి. ఒకే రాయిని నేను నలుగురు ఓనర్లకు చూపించాను, నలుగురిలో ఒక్కరూ ఇల్లు కట్టడానికి ముగ్గు పోయలేదు. ఆ పది ఇళ్ల కోసం కరెంటు స్తంభాలు, నల్లా పైపు, మోరీ వంద ఖాళీ ప్లాట్లు దాటుకుని పోవాలి. ఊరికి ఉన్న పైసలు అక్కడ పల్చబడిపోతాయి. మా దగ్గరేమో ఒక్కో గదిలో ఐదుగురం. ఉండటానికి మంచి నేల ఖాళీగా ఉండి, ఉండకూడని నేలలో జనం నిండిపోవడం మన పాలమూరులో ఇళ్ల వ్యాపారం తెచ్చిన అన్నిటికంటే పెద్ద నష్టమని నేను అనుకుంటున్నాను. ఇది దేవుడు చేసింది కాదు, ఒక్కో రిజిస్ట్రేషన్‌తో మనం చేసుకుంటూ వచ్చింది.

చెరువుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఏజెంట్లు మీకు ఇది చెప్పరు.

మన చెరువులు, కుంటలు గొలుసుకట్టుగా ఉంటాయి. పైది నిండితే నీళ్లు మత్తడి (చెరువు అలుగు) దుంకి ఒర్రెలో పడి కిందిదానికి చేరుతాయి. ఆయకట్టు, అంటే చెరువు కింద సాగయ్యే పొలం, ఉన్న రోజుల్లో తూము తెరవడానికి, మూయడానికి నీరటి ఉండేవాడు. వానాకాలం పంటకు, యాసంగికి నీళ్లు వదిలేవాళ్లు. ఎండాకాలం వచ్చేసరికి చెరువు అడుగంటేది. మళ్లీ ముసురు పట్టేనాటికి దాని కడుపులో బోలెడంత ఖాళీ ఉండేది. మొదటి పెద్ద వానను చెరువే మింగేసేది. ఆయకట్టు ప్లాట్లయ్యాక తూముతో ఎవరికీ పని లేదు. నీరటి లేడు. చెరువు ఏడాదంతా నిండుగా ఉంటుంది, పైగా మోరీ నీళ్లు కూడా అందులోకే. సాయంత్రం కట్ట మీద నడవడానికి బాగుంటుంది. పెద్ద చెరువు కట్ట మీద నేనూ పిల్లలతో తిరుగుతాను. కానీ నిండిన చెరువు వానను ఆపలేదు, వచ్చింది వచ్చినట్టు కిందికి వదులుతుంది. ఆ కింద ఒకప్పుడు వరి మడులు ఉండేవి, రెండు రోజులు మునిగినా లేచేవి. ఇప్పుడు ఇళ్లు ఉన్నాయి.

2020 అక్టోబరు 13 రాత్రి గుర్తుందా? హైదరాబాద్ శివార్లలో, మనం రోజూ పోయే బెంగళూరు హైవే మీద, గగన్‌పహాడ్ దగ్గర అప్పా చెరువు తెగింది. 44వ నంబర్ జాతీయ రహదారే కొట్టుకుపోయింది, మనుషులు పోయారు. ఆ రోజు ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన నమోదైంది. 2024 సెప్టెంబరు 1న కోదాడ వీధుల్లో కార్లు కొట్టుకుపోవడం మనమంతా ఫోన్లలో చూశాం. మన రామయ్యబౌలి నీళ్లలో ఉన్న ఫొటోలు కూడా పేపర్లో చాలాసార్లే వచ్చాయి. బౌలి అంటే బావి. పాతవాళ్లు ఊరికే పేర్లు పెట్టలేదు. మెట్టుగడ్డ, ఏనుగొండ, పాలకొండ అన్నచోట ఎత్తు ఉంది. కుంట, బౌలి, చెరువు అన్నచోట నీళ్లున్నాయి. ఇప్పుడు వెంచర్లకు పెట్టే పేర్లలో నేల ఆనవాలు ఉండదు. అందుకే సర్వే నంబర్ పట్టుకుని, ఆ చెలకను రైతులు ఏమని పిలిచేవాళ్లో కనుక్కోండి. నేను ఏ ఊరికి కొలతకు పోయినా ముందు అరుగు మీద కూర్చున్న పెద్దమనిషిని అదే అడుగుతాను. "కుంట కింది మడి" అన్నాడంటే నా టేపు కంటే ఆ మాటే నిజం.

కాగితాల విషయానికొస్తే, "ఎల్ఆర్ఎస్ కడితే అయిపోతుంది" అనే మాట మీరు ఎన్నిసార్లు విని ఉంటారు! 2007 చివర్లో ఒకసారి, 2015లో ఒకసారి, 2020లో ఒకసారి అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే ఈ ఎల్ఆర్ఎస్ పథకం వచ్చింది. మూడోసారి రాష్ట్రమంతా కలిపి దాదాపు 25 లక్షల దరఖాస్తులు పడ్డాయి. అంటే అనుమతి లేకుండా పుట్టిన ప్లాట్లు మన దగ్గర ఎన్ని ఉన్నాయో చూడండి. ఎప్పటికైనా మాఫీ వస్తుందన్న నమ్మకం ఉన్నంతకాలం, వెంచర్ వేసేవాడు పార్కుకు 10 శాతం జాగ ఎందుకు వదులుతాడు? ఎకరానికి 4,840 గజాలు. రోడ్లు, పార్కు నిబంధన ప్రకారం వదిలితే అమ్మకానికి మిగిలేది సగం కంటే కొంచెం ఎక్కువే. వదలకపోతే ఇంకో నాలుగైదు ప్లాట్లు కలిసొస్తాయి. ఆ నాలుగైదు ప్లాట్ల లాభం కోసం ఒర్రె పైపయింది.

ఎల్ఆర్ఎస్ ఫీజు కడితే కాగితం శుభ్రమవుతుంది, నేల లెవెల్ మారదు. 2012లో వచ్చిన 168 జీవో ప్రకారం 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు నిండు నీటి హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకంటే చిన్న కుంటకు 9 మీటర్లు. పది మీటర్లకు మించి వెడల్పున్న వాగుకు రెండు వైపులా 9 మీటర్లు, చిన్న ఒర్రెకు 2 మీటర్లు. ఈ కొలతలు కంఠతా పట్టండి. ప్లాటు చూడటానికి పోయినప్పుడు ఇవి అడిగితే ఎదుటివాడి మొహంలోనే మీకు సగం జవాబు దొరుకుతుంది.

మా బావమరిది సంగతి చెబుతాను. పుణెలో సెంట్రింగ్ పని చేసి, పన్నెండేళ్ల కూడబెట్టుతో 150 గజాల ప్లాటు కొన్నాడు. అనుమతి ఉన్న లేఅవుటా కాదా అడగలేదు, పక్కూరి వాళ్లంతా కొన్నారని కొన్నాడు. 2020 ఆగస్టు చివర్లో అలాంటి ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. అక్టోబరులో అతనికి కరోనా వచ్చి హాస్పిటల్లో పడ్డాడు. ప్లాటు అమ్మి బిల్లు కడదామంటే కొనేవాడు లేడు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం. మనిషి దక్కాడు, అదే పదివేలు. ఆ అప్పు తీరడానికి మూడేళ్లు పట్టింది. కష్టం వచ్చిన రోజు ఆదుకుంటుందని కొన్న జాగ, కష్టం వచ్చిన రోజే కదలలేదు. ఒక కుటుంబం ఉన్నదంతా ఒకే రాయి కింద పెట్టుకుంటే ఇలాంటి దెబ్బకు తట్టుకోలేదు. ఊళ్లో సగం కుటుంబాలు అలాగే ఉంటే ఊరు కూడా తట్టుకోలేదు.

ఇక మిమ్మల్ని అడగదలచుకున్నవి అడుగుతాను.

కొనే ముందు బ్రోచర్ పక్కన పెట్టి గ్రామ నక్షా అడగండి. మీ సర్వే నంబర్ మీద నీలి గీత గానీ, రెండు గీతల ఒర్రె గానీ ఉందేమో చూడండి. 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌కు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ ఉండాలి, అది చూస్తారు, మంచిదే. దాంతోపాటు ఇంకో ప్రశ్న అడగండి: "ఈ వెంచర్ మోరీ ఎక్కడ కలుస్తుంది?" నేను కొలిచిన చాలా వెంచర్లలో మోరీ వెంచర్ హద్దు రాయి దగ్గరే ఆగిపోతుంది. ఆ తర్వాత నీళ్లు ఎవరింటికి పోతాయన్నది డ్రాయింగులో ఉండదు. ఈ ఒక్క ప్రశ్న పదిమంది అడిగితే డ్రాయింగు మారుతుంది. టీచరమ్మ రోడ్డు మారినట్టు.

ఇప్పటికే కొన్నవాళ్లు కూడా చేయగలిగింది ఉంది. మీ ప్లాటు పక్కన ఒర్రె ఉంటే మట్టి పోసి పూడ్చకండి. ఇల్లు కట్టేటప్పుడు మీ బేస్‌మెంటు నాలుగడుగులు లేపితే మీ ఇల్లు బాగానే ఉంటుంది, వెనకింటి ముసలమ్మ మునుగుతుంది. మా వీధిలో సీసీ రోడ్డు మీద మళ్లీ సీసీ రోడ్డు వేసి, వేసి, పాత ఇళ్లన్నీ రోడ్డుకు రెండడుగుల కిందికి పోయాయి. రోడ్డు వేసేవాళ్లు వచ్చినప్పుడు పాతది తవ్వి వేయమని వీధంతా కలిసి నిలబడండి. పార్కు జాగ మునిసిపల్ కార్పొరేషన్‌కు గిఫ్ట్ డీడ్ (దానపత్రం) అయిందో లేదో మీ కాలనీ సంఘం తరఫున కనుక్కుని, దాంట్లోనే నాలుగు ఇంకుడు గుంతలు తవ్వించండి. ఆ జాగ ఖాళీగా ఉంటే వాన నీళ్లు అక్కడ ఆగుతాయి, మీ బోర్లకూ మేలు.

రెండు మూడు ప్లాట్లున్న అన్నలకు ప్రత్యేకంగా ఒక మాట. ఎత్తు మీద ఉన్న ఒక్కదాంట్లో నాలుగు చిన్న పోర్షన్లు కట్టి కిరాయికి ఇవ్వండి. ఖాళీ ప్లాటు మీకు నెలకు రూపాయి ఇవ్వదు. కిరాయి వస్తుంది, ఒక సఫాయి అక్క, ఒక లైన్‌మన్ పొడి నేల మీద పడుకుంటారు. కిరాయికి ఇచ్చేటప్పుడు అగ్రిమెంటు కాగితం రాసివ్వండి. వరద తర్వాత నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు మా గుమ్మం ముందు నిలబడి, ఇల్లు ఎవరి పేరు మీద ఉందని అడిగారు. ఓనర్ పేరు రాసుకుపోయారు. ఆయన గోడలకు చెమ్మ తప్ప నష్టం లేదు. మునిగిన మిషనుకు, తడిసిన బియ్యానికి కాగితం మీద చోటు లేదు. ఒక్క అగ్రిమెంటు ఉంటే, మేమూ ఆ ఇంట్లో ఉన్నామని చూపించుకునేవాళ్లం.

నేను కూడా ఒక మాట ఇచ్చి, దాని మీద నిలబడుతున్నాను. నక్షాలో ఒర్రె ఉన్నచోట, దాని వెడల్పు వదలకుండా నేను రాయి పాతను. ఈ మూడేళ్లలో దానివల్ల కొన్ని పనులు పోయాయి. నాలాగా టేపు పట్టే తమ్ముళ్లు ఈ లేఖ చదివితే వాళ్లూ ఆలోచించాలని కోరుతున్నాను.

ఈ వానాకాలం మొదటి పెద్ద వాన పడ్డ రోజు మీ ప్లాటు దగ్గరికి రండి. ఎండలో చూసి కొన్నారు, వానలో ఒకసారి చూడండి. పిల్లల్ని కూడా తీసుకురండి. నీళ్లు ఎటునుంచి వస్తున్నాయి, ఎక్కడ ఆగుతున్నాయి, మీ హద్దు దాటి ఎవరింటి వైపు పోతున్నాయి, అవి పోయిన దారిలో కింది ఇంటిదాకా నడవండి. ఆ ఇంటివాళ్లతో మాట్లాడండి. నక్షా చదవడం రాకపోతే నన్ను పిలవండి, నేను గొడుగు వేసుకుని వస్తాను. దానికి ఫీజు తీసుకోను.

ఇట్లు,
మీ ప్లాట్లకు రాళ్లు పాతిన సర్వేయర్,
పాలమూరు